పరికిణి మడత: తెలుగు ఆడపిల్లల దుస్తులలో మన్నిక చరిత్ర

వస్త్రముల చరిత్ర వ్రాసిన పండితులు సాధారణముగా నేతను గూర్చియు, అద్దకమును గూర్చియు, రాజాస్థానముల వేషభూషలను గూర్చియు విస్తరించి వ్రాసియున్నారు. కుట్టుపనిని గూర్చి వ్రాసినవారు తక్కువ. ఎదిగెడు ఆడపిల్లకు గుడ్డ ఎట్లు కత్తిరింపబడెను, అది ఎన్నేండ్లు మన్నెను, మన్నిక తీరిన పిదప ఏమయ్యెను అను ప్రశ్నలు గ్రంథములకు ఎక్కక, ఇండ్లలోని పెద్దల మాటలలోనే నిలిచిపోయినవి. ఆ ప్రశ్నలను చరిత్ర దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

దుస్తు మన్నిక రెండు విధములు. మొదటిది నూలు మన్నిక: గుడ్డ చిరుగక, రంగు పోక నిలుచుట. రెండవది కొలత మన్నిక: తొడుగుకొనువారి ఒడ్డు పొడవులు మారినను దుస్తు వారికి సరిపోవుట. పెద్దవారి విషయమున మొదటిదే ముఖ్యము. పదునొకండవ యేట మొదలు పదునారవ యేటి వరకు గల ఆడపిల్ల విషయమున రెండవదియే ముఖ్యము. ఏలయన ఆమె దుస్తు చిరుగుటకు ముందే పొట్టియగును, బిగుతగును. తెలుగువారి పరికిణి, రవిక, ఓణి ఈ సంగతి ఎరిగి కుట్టబడినవి. ఆ ఎరుక యంత్రపు కుట్టుతో ఎట్లు తొలగిపోయెనో, దానిని మరల ఎట్లు తెచ్చుకొనవచ్చునో విచారించుటకు, లోకమునకంతకు దుస్తులు కుట్టి పంపు బొమ్మనహళ్ళి మిక్కిలి తగిన చోటు. ఈ ప్రాంతమున తెలుగు బోధించు ఉపాధ్యాయురాలిగా ఈ విషయము నా కన్నుల యెదుట నిత్యమును ఉన్నది.

కుట్టని గుడ్డ, కుట్టిన గుడ్డ

తెలుగువారి ప్రాచీన వస్త్రములలో అధికభాగము కుట్టు లేనివే. చీర, పంచె, ఉత్తరీయము మగ్గము మీద నుండి దిగినవి దిగినట్లే కట్టుకొనబడెడివి. కంచెల, రవిక, పావడ వంటి కుట్టిన వస్త్రముల పేర్లును మన కావ్యములలో కనబడును. 1949లో వెలువడి, 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును తెచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరము ప్రతాపరెడ్డిగారు కావ్యములను ఆధారముగ గైకొని జనుల వేషభాషలను సైతము పరామర్శించిరి. బెంగుళూరు తెలుగువారికి దగ్గరనే గల లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్ది నాటి చిత్రములు ఉన్నవి. వానిలోని స్త్రీల చీరలు, అంచులు, గళ్ళు నేటికిని నేతగాండ్రకు ఒరవడులుగా నున్నవి.

కుట్టని గుడ్డకు కొలత చిక్కు లేదు. ఒకే చీర సన్నని వారికిని, లావాటి వారికిని, తల్లికిని, కూతురునకును చెల్లును. కాని ఆటపాటలయందును, ఇంటి పనులయందును తిరుగు బాలికకు నిండు చీర బరువు. అందుచేత ఆమెకు నడుము క్రింద కుట్టిన పరికిణియు, పైన కుట్టిన రవికయు వచ్చినవి. ఈడు వచ్చిన పిదప వీనికి కుట్టని ఓణి తోడయ్యెను. అనగా తెలుగు కన్నెపిల్ల దుస్తు సగము కుట్టినది, సగము కుట్టనిది. ఈ సగపాలు ఏర్పాటులోనే దాని మన్నిక రహస్యము కలదు.

పరికిణి కత్తిరింపు

పరికిణి చూచుటకు సులభమైన దుస్తు. నిండు పన్నా గుడ్డను తీసికొని, చివరలు కలిపి కుట్టి, పై అంచున కుచ్చులు పోసి నడుముపట్టీ వేయుదురు. ఇందులో వంపు కత్తిరింపు లేదు గనుక వ్యర్థమగు ముక్కలును దాదాపు లేవు. పూర్వపు దర్జీలు ఈ దుస్తులలో నాలుగు చోట్ల ఎదుగుదలకు ఎడము కల్పించిరి.

మొదటిది నడుము. నడుముపట్టీలో బొందు దూర్చుట చేత, నడుము పెరిగినను తరిగినను ముడి మారును గాని కుట్టు మారదు. రెండవది చుట్టుకొలత. కుచ్చులు నిండుగా నుండుట వలన ఒళ్ళు వచ్చిన కొలది అవి విచ్చుకొనును.

మూడవది పొడవు. దీనిని కొంత లెక్కతో చూడవలెను. ఆడపిల్లలు పదునొకండు, పండ్రెండేండ్ల ప్రాయమున అత్యంత వేగముగ ఎదుగుదురని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ వేగము అధికముగనున్న యేట ఎత్తు సుమారు 8 సెంటీమీటర్లు పెరుగును. రజస్వలయైన తరువాత ఎదుగుదల నెమ్మదించును. మూడేండ్లలో ఒక బాలిక 17 సెంటీమీటర్లు ఎదిగినదనుకొందము. నడుము మొదలు చీలమండ వరకు గల పొడవు మొత్తము ఎత్తులో సగమునకు కొంచెము మించియుండును గనుక, పరికిణికి కావలసిన అదనపు పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, అనగా నాలుగంగుళములు. దర్జీ పరికిణి క్రింది భాగమున అంగుళము లోతున రెండు టక్కులు వేసెడివాడు. ఒక్కొక్క టక్కు రెండంగుళముల గుడ్డను లోన దాచుకొనును. రెండు టక్కులును విప్పినచో సరిగా ఆ నాలుగంగుళములు వచ్చును. దీనికి తోడు అడుగు అంచున వెడల్పైన లోమడత ఉండెడిది. ఏ శాస్త్రగ్రంథమును చదువని దర్జీ, కన్నవారి అనుభవము నుండి ఈ లెక్కను తెలిసికొనియుండెను.

టక్కు విప్పినచోట పాత మడత గీత ముదురు రంగున కనబడుట సహజము. దానిని కప్పుటకు జరీపట్టీగాని, లేసుగాని కుట్టెడివారు. 19వ శతాబ్దిలో మిషనరీల ద్వారా గోదావరి మండలమున వేరూనిన నరసాపురపు అల్లిక లేసు ఇట్టి పనులకు ఎంతయు తగినది. ఆ విధముగ, విప్పిన మడత లోపముగ గాక అలంకారముగ కనబడెడిది. నూలుగుడ్డ తొలి ఉతుకులో కుదించుకొనును గనుక, కత్తిరించుటకు ముందే దానిని నీట తడిపి ఆరవేయుట మరియొక ఆచారము.

నాలుగవది రవిక. ఎదుగుదల ప్రభావము ఎక్కువగ పడునది ఇచ్చటనే. పక్క కుట్టునకు ఇరువైపులను అంగుళము వంతున గుడ్డ వదలినచో, రెండు పక్కలను కలిపి చుట్టుకొలతలో నాలుగంగుళములు లోన నిలువయుండును. కుట్టు నిలుచుటకు కొంత పోయినను, సుమారు మూడంగుళములు వాడుకకు వచ్చును. మా చిన్ననాట హిందూపురము ప్రాంతమున రవిక కుట్టుటకు ఇచ్చునపుడు “పిల్ల ఎదుగుతుంది, లోపల గుడ్డ వదులు” అని దర్జీతో చెప్పని తల్లి లేదు. కత్తిరింపగా మిగిలిన ముక్కలను దర్జీ చుట్టకట్టి దుస్తుతోపాటు తిరిగి ఇచ్చెడివాడు. చంక క్రింద పిగిలినపుడు మాసిక వేయుటకు అదే రంగు ముక్క ఇంట సిద్ధముగ నుండెడిది.

ఇక రెండున్నర, మూడు గజముల ఓణికి కొలతయే లేదు. రవికకు వేసిన మాసికను అది కప్పును. అక్క చీర కట్టనారంభించిన పిదప ఓణి చెల్లెలికి చేరును. ఓణీల వేడుకనాడు మేనమామ తెచ్చిన పట్టు పరికిణి పెండ్లినాటి వరకు పెట్టెలో మన్నుట అరుదు కాదు.

గుడ్డ నడచిన త్రోవ

పరికిణి చాలమారు కొత్త గుడ్డతో పుట్టదు. తల్లి కట్టి విడిచిన చీర నడుమ పలుచబడినను దాని అంచు గట్టిగనే యుండును. అంచున నేత దట్టము. నారాయణపేట, మంగళగిరి చీరల వెడల్పు అంచులు ఇందుకు పేరుపొందినవి. ఆ చీరను కత్తిరించి కూతురునకు పరికిణి కుట్టునపుడు అంచు పాదముల వద్దకు వచ్చును. నేలకు ఒరసికొని ముందుగ అరుగునది ఆ చోటే. ఎక్కువ అరుగు చోట ఎక్కువ గట్టి నేత ఉండుట చూపునకు అందముగను, వాడుకకు ఆధారముగను ఉండెను.

ఆ పరికిణి అక్క నుండి చెల్లెలికి, పిదప సంచికో దిండుగలీబుకో, అటుపిమ్మట పసిబిడ్డ పొత్తిగుడ్డలకు, బొంత లోపొరలకు, మసిగుడ్డకు దిగివచ్చి, కడపట దీపపు వత్తియై ముగిసెడిది. ప్రతి దశయందును గుడ్డ మరికొంత మెత్తబడును. ఆ మెత్తదనమే తరువాతి దశకు దానిని యోగ్యముగ చేయును. నూలునకు ఈ గుణము సహజము.

బెంగుళూరు నేత, బెంగుళూరు కుట్టు

బెంగుళూరునకు వస్త్రవ్యాపారము కొత్త కాదు. టిప్పు పతనానంతరము 1800లో ఈ ప్రాంతములు తిరిగి, 1807లో తన యాత్రాగ్రంథమును ప్రకటించిన ఫ్రాన్సిస్ బుకానన్, పేటలోని నేతగాండ్రను వర్ణించుచు తొగటవారిని, తెలుగు దేవాంగులను పేర్కొనెను. ఈ పట్టణపు మగ్గముల చప్పుడులో తెలుగు మాట రెండు శతాబ్దులకు పూర్వమే కలదనుటకు ఇది సాక్ష్యము. 1884లో బెంగుళూరు ఉన్ని, నూలు, పట్టు మిల్లుల స్థాపనతో యంత్రపు గుడ్డ విరివియయ్యెను.

కుట్టు మాత్రము చాలకాలము వీధి దర్జీ చేతనే యుండెను. సింగరు 1851లో అమెరికాలో పేటెంటు పొందిన కుట్టుయంత్రము వరండాలకెక్కినను కత్తిరింపు పద్ధతి మారలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943లో, ప్రభుత్వము నూలు, నూలుగుడ్డలపై నియంత్రణ విధించినపుడు ర్యాషను బట్టతో కాలము గడపిన కుటుంబములకు ఈ మిగులు గుడ్డ ఆచారమే ఆదుకొనెను. కొత్త గుడ్డ దొరకనపుడు విప్పుటకు మడత గల పరికిణి ధనముతో సమానము.

అంచు కోయు యంత్రము

మార్పు తెచ్చినది వేరొక యంత్రము. 1880 దశాబ్దిలో అమెరికాలో మెర్రో సంస్థ రూపొందించిన ఓవర్‌లాక్ యంత్రము గుడ్డ అంచును పోగులు ఊడకుండ అల్లును. ఆ అల్లికతోపాటే దానికి అమర్చిన చిన్న కత్తి, కుట్టునకు వెలుపల మిగిలిన గుడ్డను కోసివేయును. పని వేగముగ సాగును, అంచు నున్నగా వచ్చును. కాని పూర్వపు దర్జీ దాచిన అంగుళము ఆ కత్తి క్రింద పడి చెత్తబుట్ట చేరును. దుస్తులోన మిగులునది సెంటీమీటరో, అంతకు తక్కువయో. అట్టి కుట్టును విప్పినను వదులు చేయుటకు గుడ్డ లేదు.

దీనికి యజమానుల లోభమే కారణమని చెప్పుట న్యాయము కాదు. రెడీమేడు దుస్తు ఖర్చులో గుడ్డదే పెద్ద వంతు. ఒక్కొక్క దుస్తున అరంగుళము మిగిల్చినచో లక్ష దుస్తులకు ఎంత మిగులునో వ్యాపారి లెక్కించును. ఎదుగుదలకు సమాధానముగ అతడు మడతకు బదులు సైజుల పట్టికను ఇచ్చెను. పిల్ల ఎదిగినచో మీది సైజు కొనవలెను. ఇట్లు పూర్వము దుస్తులోపలనే యున్న ఎదుగుదల, ఇపుడు అంగడిలో మరియొక దుస్తుగా మారెను.

1974 నుండి 2004 తుది వరకు ప్రపంచ వస్త్రవ్యాపారము బహుళ నూలు ఒప్పందపు కోటాలకు లోబడియుండెను. ఆ కాలముననే బెంగుళూరున ఎగుమతి దుస్తుల కర్మాగారములు పెరిగెను. పీణ్యా, మైసూరు రోడ్డులతోపాటు హోసూరు రోడ్డున బొమ్మనహళ్ళి ఇట్టి కేంద్రములలో ముఖ్యమైనది. ఒకనాటి గ్రామము నగరసభయై, 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికలో కలిసెను. కర్మాగారములలో పని చేయువారిలో అత్యధికులు స్త్రీలు. కన్నడ సీమ పల్లెలవారితోపాటు అనంతపురము, చిత్తూరు, కోలారు ప్రాంతముల తెలుగు కుటుంబములవారును అందు కలరు.

కర్మాగారమున ఒక్కరే దుస్తునంతను కుట్టరు. ఒకరు చేతులు, ఒకరు మెడపట్టీ, ఒకరు పక్క కుట్టు. గంటకు ఇన్ని యని లెక్క. పదేండ్లు పక్క కుట్టు కుట్టిన స్త్రీకి కత్తిరింపు రాకపోవచ్చును. ఆమె తల్లి పరికిణికి టక్కు వేయగలదు. ఆమె కుమార్తెకు గుండీ కుట్టుటకు కూడ అంగడి దర్జీ కావలెను. మూడు తరములలో కుట్టుయంత్రము ఇంటికి దగ్గరగా వచ్చినకొలది కుట్టువిద్య ఇంటికి దూరమైనది.

ఈ స్త్రీల సంపాదనకు గల విలువ 2016 ఏప్రిల్ 18, 19 తేదీలలో దేశమునకు తెలిసెను. భవిష్యనిధిలో యజమాని వంతును 58 ఏండ్ల వరకు తీసికొనరాదను కొత్త నిబంధనకు వ్యతిరేకముగ బొమ్మనహళ్ళి ప్రాంతమునను, నగరమున ఇతర చోట్లను దుస్తుల కార్మికులు పెద్దయెత్తున వీథులకెక్కిరి. కేంద్ర ప్రభుత్వము 19వ తేదీననే ఆ నిబంధనను ఉపసంహరించెను. పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు, అవసరములకు ఆ నిధియే వారికి ఆధారము. అట్టి ఇంట ఏటేట యూనిఫారము కొనుట చిన్న ఖర్చు కాదు.

తరగతి గదిలో కనబడునది

ఏడవ తరగతిలో కొన్న యూనిఫారము ఎనిమిదవ తరగతి నడుమ ఆడపిల్లకు చాలదు. గుడ్డ చిరిగియుండదు, రంగు పోయియుండదు. చంక వద్ద బిగుసుకొనును. చేతులు మణికట్టు దాటి పైకి పోవును. ఆ వయస్సున బిగుతైన దుస్తు శరీరమును గూర్చిన సంకోచమును పెంచును. ఆటల గంటలో గోడకు ఆనుకొని నిలుచు బాలికలలో కొందరికి కారణము ఆటయందు అనిష్టము గాక, చేయెత్తినచో కుట్టు పిగులునను భయము. పాఠము చెప్పించుకొనుటకు నల్లబల్ల వద్దకు రమ్మన్నను వారు వెనుకాడుదురు. దుస్తు మన్నిక చదువునకు సంబంధించిన విషయమని నేను గ్రహించినది ఇచ్చటనే.

కొన్ని ఆక్షేపణలు

ఇచ్చట చదువరులు కొన్ని ఆక్షేపణలు చేయవచ్చును. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు కనుగొన్న పాలియెస్టరు నూలుకంటె గట్టిది, ముడుత పడదు, త్వరగా ఆరును గదా యని మొదటిది. నిజమే. కాని అది నూలు మన్నికను పెంచెను గాని కొలత మన్నికను పెంచలేదు. ఏడాదిలో చాలక పోవు దుస్తునకు ఇరువదియేండ్ల దారమెందుకు? పైగా అది నూలువలె మెత్తబడి పొత్తిగుడ్డ కాజాలదు, మసిగుడ్డగా నీరు పీల్చజాలదు. కుప్పలోపడి చిరకాలము నిలుచును.

పరికిణి, ఓణి బాలికల పరుగును కట్టివేయలేదా యని రెండవ ఆక్షేపణ. ఇదియు నిజమే. సైకిలెక్కి బడికి పోవు పిల్లకు సల్వారు కమీజు సుఖము. ఓణి వేయుటతోనే ఆటలు మానిపించిన ఇండ్లును కలవు. ఒకే పరికిణిని మూడేండ్లు తొడుగుటలో పొదుపుతోపాటు పేదరికమును ఉన్నది. కావున పాత దుస్తును మరల తొడిగింపవలెనని నా వాదము కాదు. దానిలోని కత్తిరింపు నీతిని నేటి దుస్తులోనికి తేవలెనని మాత్రమే నా మనవి.

ఇతర దేశముల యత్నములు

ఈ నీతి మనకొక్కరికే పరిమితము కాదు. ఇంగ్లండున 1941 జూన్‌లో దుస్తులకు ర్యాషను వచ్చిన పిదప, ఉన్నదానిని బాగుచేసికొని వాడుకొనుడని బోధించు చిన్న పుస్తకమును 1943లో అచటి ప్రభుత్వమే అచ్చొత్తించెను. అమెరికాలో ఆర్థికమాంద్య కాలమున పిండి సంచుల గుడ్డతో తల్లులు ఆడపిల్లలకు గౌనులు కుట్టిరి. అది చూచి మిల్లువారు సంచులపై పూవులు అచ్చువేయ మొదలిడిరి. 2017లో లండనులో ర్యాన్ యాసిన్ అను యువకుడు, సన్నని మడతలతో పిల్లవానితోపాటు ఏడు సైజుల వరకు సాగెడు దుస్తును రూపొందించి, ఆ యేటి జేమ్స్ డైసన్ పురస్కారమును బ్రిటనున పొందెను. అంతరిక్ష యంత్రముల మడతల విద్య నుండి అతడు ఆ ఊహను గైకొనెను. మన దర్జీ టక్కును ఎరిగిన కన్నులకు అది కొత్త వస్తువైనను పరాయి వస్తువు కాదు. 2022 మార్చిలో ఐరోపా సంఘము ప్రకటించిన వస్త్రవిధానము, 2030 నాటికి తన విపణికి వచ్చు వస్త్రములు మన్నునవిగను, బాగుచేయదగినవిగను ఉండవలెనని కోరినది. అచటికి దుస్తులు పంపు ఊళ్ళలో బొమ్మనహళ్ళియు ఒకటి గనుక, ఈ కోరిక ఏదో యొకనాడు ఇచ్చటి కత్తిరింపు బల్లలకును రాక తప్పదు.

చేయదగినది

ఆడపిల్లల యూనిఫారము విషయమున ఐదు మార్పులు చాలును. కమీజు పక్క కుట్టులకు ఇరువైపుల అంగుళము వంతున గుడ్డ వదలి, ఆ కుట్టును కోత లేని మామూలు యంత్రముతో వేయుట. చేతుల చివర రెండంగుళముల లోమడత, అడుగు అంచున మూడంగుళముల లోమడత ఉంచుట. చంక క్రింద చదరపు ముక్క వేసి చేయెత్తుటకు ఎడమిచ్చుట. సల్వారునకు సాగుపట్టీకి బదులు బొందు వేయుట. దుస్తుతో జానెడు గుడ్డముక్కను మాసిక కొరకు ఇచ్చుట. వీనివలన గుడ్డ కొంత ఎక్కువ పట్టును. ఆ ఖర్చు ఒక్కమారే. దుస్తు రెండవ యేడును, బహుశః మూడవ యేడును వచ్చినచో తల్లిదండ్రులకు లాభమే. మడత విప్పుట, కుట్టు వదులు చేయుట, మాసిక వేయుట ఆడపిల్లలకును, మగపిల్లలకును సమముగ బడిలో నేర్పవలెను. ఇట్టి విద్యను నేర్పుటకు మా పిల్లల తల్లులలోనే సమర్థులు కలరు. వారి నాయనమ్మలు, అమ్మమ్మలు అంతకంటె సమర్థులు.

ఈ చరిత్రకు శాసనములు లేవు, తాళపత్రములు లేవు. దీనికి ఆధారములు మన ఇండ్ల పెట్టెలలోని పాత పరికిణీలే. వానిని పారవేయుటకు ముందు, అవి ఎవరివి, ఏ యేట కుట్టబడినవి, ఎన్ని టక్కులు గలవు, ఎన్నిమార్లు విప్పబడినవి, లోన ఎన్ని అంగుళముల గుడ్డ మిగిలినది అను వివరములను వ్రాసి యుంచవలసినదిగా సభ్యులను కోరుచున్నాను. ఒక్కొక్క సంఘము నూరు పరికిణీల కొలతలను సేకరించినను, తెలుగు తల్లులు తమ కుమార్తెల ఎదుగుదలను ఎంత నిశితముగ లెక్కించిరో తెలుపు మొదటి పట్టిక తయారగును. దానిని ముందుంచుకొని నేటి దుస్తును కత్తిరించుట మన దర్జీలకును, మన కర్మాగారములలోని స్త్రీలకును కష్టమైన పని కాదు.